గీతకు ఇవతల కూర్చునేవారికి: అమ్మాయి కబడ్డీలో చేరినప్పుడు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరిన జూలై నెలలో ఒక సాయంత్రం, మోకాళ్లకు మట్టితో, మోచేతి దగ్గర చీరుకుపోయిన చర్మంతో ఇంటికి వచ్చి, బడి కబడ్డీ జట్టులో తన పేరు రాసుకున్నారని గడప దగ్గరే నిలబడి చెప్పింది. మేము మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో ఉంటాము. వార్ధా నదికి అవతల బల్లార్‌పూర్, ఇవతల బొగ్గు గనులు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలగలిసిన మాట. ఆ రోజు ఇంట్లోనే ఉన్న మా ఆడపడుచు, "కాలో చెయ్యో విరిగితే రేపు ఈ పిల్లను ఎవరు చేసుకుంటారు వదినా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను, ఎందుకంటే నా మనసులోనూ భయమే ఉంది. కాకపోతే అది పెళ్లి గురించి కాదు, కాలు గురించి.

మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో నేను ఆట నేర్చుకోలేదు, ఆటను చూడడం నేర్చుకున్నాను. పిల్లకు ఆట నేర్పడానికి శిక్షకులు ఉన్నారు. పిల్ల ఒంట్లో, మాటలో, కంచంలో వచ్చే మార్పులను చూసే మనిషి మాత్రం ఇంట్లోనే ఉండాలి. సిరోంచలోనో, ధర్మాబాద్‌లోనో, బల్లార్‌పూర్‌లోనో ఇదే స్థితిలో ఉన్న తల్లిదండ్రులకు పనికివస్తుందని, నాకు అనుభవంలో తెలిసినవి, వైద్యులను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట అర్థం కావాలి

మనం చిన్నప్పుడు చెడుగుడు అన్న ఆటనే ఇక్కడి పెద్దలు హుతూతూ అనేవారు. మేముండే విదర్భ ప్రాంతానికి ఈ ఆటతో ఉన్న బంధం చిన్నది కాదు: 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా ఈ ఆటను ప్రదర్శించి వచ్చినవారు అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీకీ, 2010లో గ్వాంగ్జౌలో మహిళల కబడ్డీకీ చోటు దక్కింది. ఇంట్లో పెద్దవాళ్లు "ఇది మగపిల్లల ఆట" అన్నప్పుడు చెప్పడానికి ఈ రెండో సంవత్సరం నాకు బాగా పనికివచ్చింది.

నియమాలు కొద్దిగానైనా తెలియకపోతే మనం ఆట చూడలేము, మన పిల్లను మాత్రమే చూస్తాము. కోర్టులో జట్టుకు ఏడుగురు ఉంటారు, బయట ఐదుగురి వరకు ప్రత్యామ్నాయాలుగా కూర్చుంటారు. మహిళలకు, జూనియర్ బాలికలకు కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఆట 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు, నడుమ 5 నిమిషాల విరామం. మనం కూత అనేదాన్ని ఇక్కడి మైదానాల్లో చఢాయి అంటారు. దానికి 30 సెకన్లే గడువు. ఎదుటి కోర్టులో ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్నప్పుడు, కూతకు వెళ్లిన ఆటగత్తె ఆ కోర్టు లోపలి బోనస్ గీత దాటితే ఒక పాయింటు. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది మిగిలినప్పుడు కూతకు వచ్చిన ఆటగత్తెను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, అంటే ఒక పాయింటు అదనం. జట్టంతా ఔటైతే ఎదుటివారికి లోణ్ కింద రెండు పాయింట్లు వస్తాయి.

ఒక నియమాన్ని మాత్రం తల్లిదండ్రులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఔటైన ఆటగత్తెలు కోర్టు పక్కన గీసిన పెట్టెలాంటి గడిలో వరుసగా కూర్చుంటారు, ఎవరు ముందు ఔటయ్యారో వారే ముందుగా తిరిగి లోపలికి వెళతారు. చూడవచ్చిన వారందరి కళ్లు కూత మీద ఉంటాయి. తల్లి కళ్లు అప్పుడప్పుడు ఆ గడి మీద ఉండాలని నా అభిప్రాయం. మా అమ్మాయి అక్కడ కూర్చున్నప్పుడు ఎడమ మోకాలిని అరచేత్తో అదిమి పట్టుకోవడం, తోటి పిల్ల పలకరిస్తే తల తిప్పకపోవడం నేను గమనించాను. ఆ రాత్రి అడిగితే "ఏమీ లేదు" అంది. రెండు రోజుల తర్వాత, మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బినట్టు ఉండి నొక్కితే నొప్పి పుడుతోందని ఒప్పుకుంది. ఎదిగే వయసులో దూకడం, పరుగెత్తడం ఎక్కువగా ఉన్న ఆటలు ఆడే పిల్లలకు ఇది తరచుగా వచ్చే ఇబ్బందేననీ, ఆట తగ్గించి తొడ కండరాలను సాగదీసే వ్యాయామం చేస్తే క్రమంగా తగ్గుతుందనీ డాక్టరుగారు చెప్పారు. తొలి వారంలోనే తెలిసింది కనుక కొద్దిపాటి విశ్రాంతితో సరిపోయింది.

మన నోరు, మన భాష

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. తాలూకా పోటీలో, ఆట ముగియడానికి ఇంకా రెండు నిమిషాలుందనగా, మా అమ్మాయి కూతకు వెళ్లింది. వాళ్ల సార్ మరాఠీలో "బోనస్ ఘే!" (బోనస్ తీసుకో) అని అరిచారు. అదే క్షణంలో, ఎడమ మూల నుంచి ఒక అమ్మాయి చీలమండ మీదికి వంగుతోందని చూసి, నేను పట్టలేక "వెనక్కి రా!" అని కేక వేశాను. చుట్టూ ఉన్న వందమంది అరుపుల్లో తెలుగు గొంతు నాదొక్కటే. పిల్ల ఒక అడుగు ముందుకు వేసి, నా వైపు తల తిప్పి, ఆగింది. ఆ అరసెకనులో ముగ్గురు పట్టేశారు.

ఇంటికి వచ్చాక దాని మాట ఒక్కటే: "అమ్మా, అక్కడ అందరి గొంతులూ ఒక్కలాగే వినబడతాయి. నీ గొంతు మాత్రం వేరే వినబడుతుంది."

పుట్టినప్పటి నుంచి ఆగమంటే ఆగడానికి, రమ్మంటే రావడానికి అలవాటుపడిన గొంతు అది. మరాఠీ మైదానంలో మన తెలుగు మాట పిల్లకు ఎంత దగ్గరగా వినబడుతుందో, అంతగానూ ఆటను చెడగొట్టగలదు. అందువల్ల ఆట సాగుతున్నంతసేపు సూచన ఏదీ ఇవ్వకూడదు. అది శిక్షకుడు చెప్పినదానికి అనుకూలంగా ఉన్నా సరే. చప్పట్లు కొట్టవచ్చు, ఎదుటి జట్టు మంచి పట్టు పట్టినప్పుడు కూడా కొట్టవచ్చు. రిఫరీని నిందించడం, తోటి పిల్ల తప్పు చేసిందని పక్కవారితో అనడం పూర్తిగా మానాలి, ఎందుకంటే ఆ పిల్ల తల్లి మన వెనుక వరుసలోనే కూర్చుని ఉంటుంది. నిరుడు మా ఆడపడుచు కూడా ఆట చూడడానికి వచ్చింది. మొదటి కూతకే లేచి నిలబడబోతే నేను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. ఆ తర్వాత చివరిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది.

ఓడిన రోజు ఇంటికి తిరిగి వచ్చే దారి ఇంకా సున్నితమైనది. బండి మీదనైనా ఎస్‌టీ (రాష్ట్ర రవాణా) బస్సులోనైనా, ఆట గురించి మొదటి మాట పిల్ల నోటి నుంచే రావాలి. రాకపోతే రాదు. ఆకలిగా ఉందా, నీళ్లు తాగావా, ఎక్కడైనా నొప్పిగా ఉందా అన్న మూడు ప్రశ్నలు చాలు. "నువ్వు అప్పుడు అలా చేసి ఉంటే" అని మొదలయ్యే వాక్యం మర్నాటికి కాదు, అసలు ఎప్పటికీ అవసరం పడదు; ఆ మాట శిక్షకుడు ఎలాగూ చెబుతాడు.

ఎండ

మన ప్రాంతంలో ఆడే పిల్లలకు మోకాళ్ల కన్నా ముందు చూసుకోవలసింది ఎండను. చంద్రపూర్‌లో మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. ఎండల కారణంగానే విదర్భ బడులు మిగతా మహారాష్ట్ర కన్నా ఆలస్యంగా, జూన్ చివరికి గాని తెరుచుకోవు. అయినా వేసవి శిబిరాలు ఆ రోజుల్లోనే పెడతారు. శిబిరం తెల్లవారుజామున మొదలై ఎండ ఎక్కకముందే ముగుస్తుందో లేదో ముందుగా కనుక్కోవాలి. సెలవుల్లో ఇంటిపట్టున ఉన్న ఒళ్లు ఎండకు అలవాటుపడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారం సగం కసరత్తే చేయించమని శిక్షకుడిని అడగడంలో మొహమాటపడనవసరం లేదు. వర్షాలు పడ్డాక ప్రమాదం తొలగిందనుకోవడం కూడా పొరపాటు. జూలైలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు.

ఎంత నీరు తాగాలన్నదానికి ఇంట్లోనే ఒక కొలత ఉంది. కసరత్తుకు ముందు, తర్వాత బరువు చూడాలి. తగ్గిన ప్రతి కిలో బరువు దాదాపు ఒక లీటరు నీటి లోటుకు సమానం. ఆ తర్వాతి కొన్ని గంటల్లో అంతకన్నా కొంచెం ఎక్కువే, ఒకటిన్నర లీటర్ల వరకు, కొద్దికొద్దిగా తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీరు చాలలేదని పిల్లే తెలుసుకోగలదు. గంటకు మించిన కసరత్తుకు వట్టి నీళ్లు సరిపోవు. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, అంబలి మన ఇళ్లలో ఎలాగూ ఉన్నాయి. విరేచనాలో వాంతులో అయి నీరసించినప్పుడు ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే, లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు కొలత మాత్రం దాటకూడదు.

వడదెబ్బ గుర్తులు ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి: పిల్ల తడబడుతూ నడవడం, పొంతన లేని మాటలు, వాంతి, కళ్లు తిరిగి పడిపోవడం. చెమట పడుతూ ఉన్నా అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు బండి కోసం ఎదురుచూడకుండా ముందుగా నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు కుమ్మరించి, విసురుతూ, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టి చల్లబరుస్తూ ఉండగానే 108కి ఫోన్ చేయించాలి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

కంచం, బరువు, నిద్ర

కబడ్డీలో బరువు పరిమితి ఉంటుంది. సీనియర్ పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75. చిన్న వయసుల వారికి అంతకన్నా తక్కువ, ఏ పోటీకి ఎంతన్నది ఆ ఏటి సూచన పత్రంలో ఉంటుంది. ఈ నియమం పెద్ద పిల్ల చిన్న పిల్ల మీద పడకుండా కాపాడడానికి వచ్చింది గాని, పదిహేనేళ్ల అమ్మాయి పోటీకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకోవడానికి కాదు. మా అమ్మాయి ఒకసారి బరువు తూచే రోజు ఉదయం ఉమ్మి కూడా మింగకుండా ఉమ్మేస్తూ తిరిగింది. జట్టులో సీనియర్ అక్కలు చెప్పారట! ఎదిగే వయసులో ఏడాదికి మూడు నాలుగు కిలోలు పెరగడం సహజం. పరిమితికి దగ్గర పడుతున్న పిల్లను పస్తు పెట్టి ఆడించడం కన్నా ఆ పోటీని వదిలిపెట్టడమే మేలని నేను వాళ్ల సార్‌తో నేరుగా చెప్పాను. ఆయన మొదట ముఖం ముడుచుకున్నా, తర్వాత పిల్లలందరినీ నెల ముందే తూచడం మొదలుపెట్టారు.

తిండి విషయంలో కొత్త సామాను ఏమీ అక్కర్లేదు. ఆటకు రెండు మూడు గంటల ముందు అన్నమో, జొన్నరొట్టె పప్పో, అటుకులతో చేసే పోహేనో. ఆటకు ముందు అరటిపండు. ఆట ముగిసిన గంటలోపు గుడ్లు, పల్లీపట్టి, పాలు, పెరుగన్నం వంటివి ఏదో ఒకటి. దుకాణాల్లో అమ్మే ప్రొటీన్ డబ్బాలు ఈ వయసుకు అవసరం లేదు. ఆడపిల్లల విషయంలో ఇనుము లోపం మాత్రం నిజమైన సమస్య. ఎప్పుడూ లేనిది మెట్లెక్కితే ఆయాసపడుతుంటే, పెదవులు పాలిపోతే, ఆటలో రెండో భాగానికే కాళ్లు బరువెక్కుతున్నాయంటే, బద్ధకమని తిట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను చాలామంది పిల్లలు గోడవతల పారేస్తారు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది కాబట్టి భోజనం తర్వాత వేసుకోమని చెప్పాలి. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే, చాలినంత తినకుండా ఎక్కువగా శ్రమిస్తోందన్న సంకేతం కావచ్చు. దాన్ని "ఆటల వల్లేలే" అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

నిద్ర ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఉదయం ఐదింటికి మైదానంలో ఉండవలసిన పిల్ల రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తే ఆ లెక్క కుదరదు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. క్రీడా వైద్యులు చెప్పే ఒక సులువైన హద్దు ఉంది: వారంలో కసరత్తు గంటలు పిల్ల వయసు సంఖ్యను దాటకూడదు. పదిహేనేళ్ల పిల్లకు పదిహేను గంటలు. బడి జట్టు, ఊరి మండలి జట్టు, సెలవు రోజు పోటీలు అన్నీ కలిపి ఒకసారి లెక్క వేసి చూడండి.

దెబ్బలు

కబడ్డీలో దెబ్బలు తగులుతాయి. ఇది దాచవలసిన సంగతి కాదు. ఏ దెబ్బకు ఇంట్లో ఉండవచ్చు, ఏ దెబ్బకు వెంటనే వెళ్లాలి అన్నది తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది.

చీలమండ మడతపడితే వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. పిల్ల సొంతంగా నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. మన వైపు బెణుకు అనగానే నూనె రాసి గట్టిగా తోమే నాటువైద్యుల దగ్గరికి తీసుకుపోవడం అలవాటు. వారి మీద నాకు అగౌరవం లేదు. కాని కొత్త దెబ్బను తోమితే వాపు పెరుగుతుంది, ఎముక చిట్లి ఉంటే ఆ సంగతి వారి వేళ్లకు తెలియదు. వేలు కీలు తప్పినప్పుడు మైదానంలో ఎవరో ఒకరు ముందుకొచ్చి లాగుతామంటారు, లాగనివ్వకండి.

మోకాలి లోపల "టప్" మన్న శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే మోకాలు వాచి, ఆ తర్వాత నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు అనిపిస్తే, అది లోపలి స్నాయువు తెగిన గుర్తు కావచ్చు. ఈ దెబ్బ తగిలిన ఆటగత్తెలు వాపు తగ్గగానే బాగైందనుకొని మళ్లీ దిగుతారు, రెండోసారి మోకాలిలోని మెత్తటి ఎముక కూడా దెబ్బతింటుంది. ఎముకల డాక్టరు చూసి సరేననేవరకు పిల్లను కోర్టులో దించకూడదు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, ఒంటికాలి మీద నిలవడం వంటి వ్యాయామాలు కసరత్తుకు ముందు పది పదిహేను నిమిషాలు చేయిస్తే ఇలాంటి దెబ్బలు తగ్గుతాయి. మీ శిక్షకుడు అవి చేయిస్తున్నారో లేదో ఒక ఉదయం వెళ్లి చూడండి. నేరుగా పరుగుతో, పట్లతో మొదలుపెట్టే చోట అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట ముగిసినట్టే, ఇందులో బేరం లేదు. స్కోరు ఎంతో మరిచిపోవడం, అడిగిందే అడగడం, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. మళ్లీ మళ్లీ వాంతులైనా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలి. తిరిగి ఆటలోకి రావడం నడకతో మొదలుపెట్టి, రోజుకొక మెట్టు చొప్పున, తలనొప్పి తిరగబెట్టలేదని చూసుకుంటూ జరగాలి.

చిన్నవాటిలో రెండు మాటలు. మట్టి కోర్టు మీద చర్మం గీసుకుపోతే సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి; ధనుర్వాతం రాకుండా 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయవలసిన టీడీ టీకాలు వేయించారో లేదో చూసుకోవాలి. మ్యాట్ మీద ఆడే పిల్లలకు తామర త్వరగా అంటుకుంటుంది. నీక్యాప్‌లు, తువ్వాళ్లు ఒకరివి ఒకరు వాడకుండా, ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన పూతమందులు రాస్తే మొదట దురద తగ్గినట్టే ఉండి తామర మొండికెక్కుతుంది.

శిక్షకుడు, ప్రయాణాలు

మంచి శిక్షకుడు పిల్లను గద్దిస్తాడు, అవమానించడు. ఈ తేడా దూరం నుంచి చూసినా తెలుస్తుంది: గద్దింపు "కాలు ముందు పెట్టు" అన్నట్టు ఆట మీద ఉంటుంది, అవమానం పిల్ల ఒంటి మీద, కులం మీద, భాష మీద ఉంటుంది. "తెలుగువాళ్లు" అన్న మాట వెక్కిరింపుగా ఒకసారి వినబడితే, మర్నాడు ఒంటరిగా కలిసి మర్యాదగానే అడగండి. నేను అడిగాను. మళ్లీ వినబడలేదు.

పొరుగూరి పోటీలకు పంపేటప్పుడు జట్టుతో ఉపాధ్యాయిని ఎవరు వెళుతున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఆడపిల్లలకు వేరే గది, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నవి ముందుగానే అడగాలి. పట్లు నేర్పేటప్పుడు ఒకరి ఒంటి మీద ఒకరు చేతులు వేయక తప్పదు; వాటిని ఆడపిల్లల జంటలతోనే, అందరి ముందు చేసి చూపించాలి. శిక్షకుడు పిల్లకు విడిగా రాత్రివేళ సందేశాలు పంపడం, ఒంటరిగా బండి మీద ఎక్కించుకోవడం ఏ కారణం చెప్పినా సరైనవి కావు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, పిల్లల సహాయవాణి 1098కి పిల్లలు సొంతంగా కూడా ఫోన్ చేయవచ్చు. ఈ సంగతులు భయపెడుతున్నట్టు కాకుండా, బస్సు టికెట్టు ఎక్కడ దాచుకోవాలో చెప్పినంత మామూలుగా ఇంట్లో చెప్పి ఉంచాలి.

కాగితాలు

తెలుగు ఇళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుతో వస్తుంది. మహారాష్ట్రలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుస. మనకు ఇంటిపేరు ముందు. అందువల్ల ఆధార్‌లో ఒక వరుస, బడి రిజిస్టరులో ఒక వరుస, జనన ధ్రువపత్రంలో ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరం ఉంటాయి. జిల్లా పోటీకి పేర్లు పంపేటప్పుడు ఈ మూడూ కలవకపోతే పిల్ల వయసు మీద అనుమానం వస్తుంది. ఒక ఏడాది మా అమ్మాయి ఆడవలసిన ఉదయమంతా నేను బోనఫైడ్ కాగితం చేతపట్టుకొని గుమాస్తా బల్ల దగ్గర నిలబడ్డాను. పిల్ల జట్టులో చేరిన నెలలోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఉంటే బడి రిజిస్టరుకు అనుగుణంగా మిగతావి దిద్దించుకోవాలి. పదో తరగతి బోర్డు ఫారం నింపిన తర్వాత దిద్దించడం చాలా కష్టం.

బడి పోటీలు తాలూకా, జిల్లా, విభాగం, రాష్ట్రం అన్న మెట్లలో, 14, 17, 19 ఏళ్లలోపు వారికి వేర్వేరుగా జరుగుతాయి. మన జిల్లా నాగ్‌పూర్ విభాగంలోకి వస్తుంది. ప్రతి ధ్రువపత్రాన్నీ దాచాలి. పది, పన్నెండు తరగతుల్లో క్రీడాకారులకు సవలతు (రాయితీ) మార్కులు ఉన్నాయి. వాటికి బడి ద్వారా, గడువు లోపల, జిల్లా క్రీడాధికారి కార్యాలయానికి దరఖాస్తు వెళ్లాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ కూడా ఉంది గాని, దానికి తగిన పతకాలు కొద్దిమందికే వస్తాయి. ఆ ఆశతో పిల్లను ఆడించడం మొదలుపెడితే, జట్టులో చోటు దొరకని రోజు ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి, ఆ వాడిపోవడాన్ని పిల్ల తన తప్పుగా లెక్కవేసుకుంటుంది.

మానేస్తానన్నప్పుడు

ఎప్పుడో ఒకసారి ఆ మాట వస్తుంది. మా ఇంట్లో రెండో ఏడాది అక్టోబరులో వచ్చింది. జట్టులో పేరుండి కూడా నాలుగు ఆటల్లో బయటే కూర్చున్న తర్వాత, షూ విప్పి మంచం కిందికి తన్ని, "ఇక పోను" అంది. వాళ్ల నాన్న నైట్ షిఫ్టుకు బయలుదేరుతూ, "సరే, మానెయ్" అని ఒక్క మాటలో తేల్చబోయారు, నేను ఆగమన్నాను. జట్టు ఆటలో సీజన్ మధ్యలో ఒకరు తప్పుకుంటే మిగతావారికి ఇబ్బంది కాబట్టి, సీజన్ ముగిసేదాకా వెళ్లడం, ఆ తర్వాత మానడమా కొనసాగడమా అన్నది పూర్తిగా తన ఇష్టం అన్న ఒప్పందాన్ని మేము మొదటి ఏడాదే చేసుకొని ఉన్నాము. ఆ ఒప్పందాన్ని ఆట బాగా సాగుతున్న రోజుల్లోనే చేసుకోవాలి, ఏడుపు మధ్యలో చేసుకుంటే అది శిక్షలా వినబడుతుంది. దెబ్బను దాచి ఆడుతున్నా, ఎవరి వల్లనైనా భయపడుతున్నా, మైదానం పేరు చెబితే కడుపునొప్పి వస్తున్నా ఈ ఒప్పందం చెల్లదు. ఆ క్షణమే మాన్పించాలి. అందుకే "ఎందుకు" అని అడిగే ముందు "ఎప్పటి నుంచి" అని అడగడం మంచిది. ఎందుకన్న ప్రశ్నకు పిల్లలు కారణం వెతుక్కుంటారు. ఎప్పటి నుంచి అంటే జరిగింది చెబుతారు. మా అమ్మాయి, మొదటి ఆటలో తన బదులు దిగిన పిల్ల మూడు పట్లు పట్టిన రోజు నుంచి అని చెప్పింది. అంటే భయం లేదు, దెబ్బ లేదు, ఉన్నది ఉక్రోషమే.

నవంబరులో సీజన్ ముగిసింది. వారం పాటు నేను ఆట ఊసెత్తలేదు, షూ మంచం కిందే ఉన్నాయి. ఎనిమిదో రోజు ఉదయం ఐదింటికి వంటింట్లో దీపం వెలుగుతుంటే వెళ్లి చూశాను. పిల్ల అరటిపండు తింటూ, ఇంకో చేత్తో నిరుటి నీక్యాప్ ఎండిందో లేదో పిండి చూసుకుంటోంది.